పానా పట్టిన చేతులు పాడైపోవు



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి తొమ్మిదో తరగతి చదివే కొడుకు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా ముందు కూర్చున్నారు. మార్కుల గురించి పెద్దగా అడగలేదు. "ఆదివారం వస్తే చాలు మేడం, మెకానిక్ షెడ్డు కాడే ఉంటాడు. చదువుకోకుంటే రేపు నీ చేతికి పానానే గతి అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. మీరన్నా చెప్పండి" అన్నారు. పిల్లవాడు తల దించుకుని నిలబడ్డాడు. వెనక ఇంకా పది మంది వరుసలో ఉన్నారు. నేను "చదువు మీద దృష్టి పెట్టు నాన్నా" అని ఆ తండ్రి మాటకు తల ఊపి పంపించేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వసారాలో ఉన్న మా నాయన బండిని చూశాక సిగ్గేసింది. ఆ పిల్లవాడికి నేను చెప్పాల్సింది అది కాదు. ఆ రోజు తల ఊపినందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ బండి యమహా ఆర్‌ఎక్స్ 100. మన ఉరవకొండలో చాలా ఇళ్ళలాగే మాదీ చేనేత ఇల్లు. నాయన సెకండ్ హ్యాండులో కొని, చీరల మూటలు కట్టుకుని దాని మీదే తిరిగేవారు. నేను హైస్కూలుకు వచ్చేసరికి అది మూలన పడింది. పట్ట కప్పి వదిలేశాం. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. నేను బీఈడీ చదువుతూ ఇంట్లోనే ఉండిపోయాను. ఏం తోచక ఒక రోజు ఆ పట్ట తీశాను.

టూ స్ట్రోక్ ఇంజిన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పనితీరు రాయమంటే కళ్ళు మూసుకుని రాసేదాన్ని. కానీ కార్బొరేటర్ విప్పి ముందు పెట్టుకుంటే ఏది ఏమిటో తెలియలేదు. పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాన్ని జెట్ అంటారు. అది మూసుకుపోయి ఉంటే గుండుసూదితో పొడిచాను. రంధ్రం పెద్దదైంది. బండి స్టార్టయింది గానీ పొగలు కక్కింది, పెట్రోలు తాగేసింది. నాయన వచ్చి చూసి, "చిక్కు పడిన దారాన్ని ముందు చూడాల, ఊరికే లాగకూడదమ్మా" అన్నారు. కొత్త జెట్ బళ్ళారి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. నేను బీఈడీలో చదివిన పాఠాలన్నిటికంటే ఆ ఒక్క మాట బాగా గుర్తుంది.

ఇక మన పిల్లల సంగతికి వద్దాం. ఈ పాత జపాన్ బండ్లు మన రోడ్ల మీదికి వచ్చి నలభై ఏళ్ళయింది. 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకి ఏఎక్స్ 100 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, ఎస్కార్ట్స్ సంస్థ తెచ్చిన ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. మరుసటి ఏడాది కవాసాకి బజాజ్ కేబీ 100 వచ్చింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా 2018లో ఆ పేరుతో ఒక తెలుగు సినిమా వచ్చింది. బండి ఆగిపోయాక ఎన్నో ఏళ్ళకు పుట్టిన మా విద్యార్థులు దాని చప్పుడు విని పేరు చెప్పేస్తారు. ఆ ఇష్టాన్ని మనం అల్లరి కింద జమ కట్టేస్తున్నాం. దాన్నే చదువుకు దారిగా మార్చుకోవచ్చు అంటాను నేను.

ఎలాగంటారా? మొదట లెక్కలు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. పదో తరగతిలో చెప్పే స్థూపం ఘనపరిమాణం సూత్రంలో వేసి చూడండి. వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. జవాబు 98 ఘన సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. బండి కాగితాల్లో 98 సీసీ అని ఉండేది అదే. పాఠంలో ఈ సూత్రం చూసి ఆవలించే పిల్లవాడు తన చేత్తో స్కేలు పెట్టి కొలిచి, అదే 98 వచ్చినప్పుడు ఒక్కసారి ముఖం ఎత్తి చూస్తాడు. ఆ చూపు కోసమే మేము టీచర్లమయ్యాం.

తర్వాత సైన్సు. స్పార్క్ ప్లగ్ విప్పి దాని కొన చూస్తే ఇంజిన్ ఆరోగ్యం తెలుస్తుంది, డాక్టరు నాలుక చూసినట్టు. ఇటుక పొడి రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనట్టు. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతున్నట్టు. మన ఊళ్ళో వేసవి గాలికి లేచే ఎర్రటి దుమ్ము సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకుంటే గాలి ఆడదు, ప్లగ్ నల్లబడుతుంది. స్పాంజి ఫిల్టరయితే సబ్బు నీళ్ళలో ఉతికి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి బిగిస్తే చాలు. లక్షణం చూడడం, కారణం ఊహించడం, ఒక్కటి మార్చి మళ్ళీ పరీక్షించడం. మేము ల్యాబ్‌లో నేర్పాలనుకునేది ఇదే కదా?

నిష్పత్తి కావాలా? టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కూడా మండాలి. ఆయిల్ పంపు తీసేసిన బండ్లలో మనమే కలుపుకోవాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లు వేస్తే 50కి 1. 40 వేస్తే 25కి 1. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ వస్తుంది. పరీక్షలో లెక్క తప్పితే ఒక మార్కు పోతుంది. ఇక్కడ తప్పితే మళ్ళీ బోరు పని చేయించుకోవాలి. అందుకే పిల్లలు ఇక్కడ రెండోసారి సరిచూసుకుంటారు. జవాబు పత్రం మాత్రం ఎన్నిసార్లు చెప్పినా సరిచూసుకోరు!

ఇంకో మాట. "చదువు రానివాళ్ళే మెకానిక్‌లవుతారు" అనే మనం, ఈ బండ్లను తయారుచేసినవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. జపాన్‌లో హమామత్సు అని ఒక ఊరు ఉంది. 1887లో అక్కడి ఒక ప్రాథమిక పాఠశాలలో ఆర్గన్ పాడైతే బాగుచేయడానికి వచ్చిన మనిషి పేరు తొరాకుసు యమహా. యమహా సంస్థ ఆ రిపేరుతోనే మొదలైంది. అదే ఊళ్ళో 1909లో మిచియో సుజుకి పెట్టింది మోటారు ఫ్యాక్టరీ కాదు, మగ్గాల ఫ్యాక్టరీ. సోయిచిరో హోండా తండ్రి కమ్మరి, తల్లి నేతపని చేసేది. పదిహేనేళ్ళ వయసులో టోక్యోలోని ఒక రిపేరు షాపులో పనికి కుదిరాడు. యుద్ధం తర్వాత 1946లో, సైన్యం వాడి వదిలేసిన చిన్న ఇంజిన్లను సైకిళ్ళకు బిగించి అమ్మాడు. స్కూలు ఆర్గను, మగ్గం, రిపేరు షాపు: ఈ మూడు పేర్ల వెనక ఉన్నవి ఇవే. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన మన ఊరి పిల్లలకు ఇది దూరపు కథ కాదు. నాడె ఎక్కడ తట్టుకుంటోందో చప్పుడు విని చెప్పేవారు మా నాయన. ఇంజిన్ చప్పుడు కూడా అలాగే విన్నారు.

అయితే మీ భయాలు నాకు తెలియనివి కావు. "మేడం బండి తోలమని చెప్పింది" అని రేపు ఏ పిల్లవాడూ ఇంట్లో అనకూడదు. విప్పడం వేరు, తోలడం వేరు. పానాకు పద్నాలుగేళ్ళు చాలు, తాళంచెవికి పద్దెనిమిది నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. మా స్కూలు గేటు దగ్గరికి బండి మీద వచ్చే పిల్లలను మేము చూస్తూనే ఉన్నాం. దయచేసి ఆ తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.

కాలుష్యం మాటా నిజమే. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొత్త పెట్రోలు లోపలికి వచ్చేటప్పుడే పొగ బయటికి పోయే దారి కూడా తెరిచి ఉంటుంది. కొంత పెట్రోలు మండకుండానే బయటికి పోతుంది. అందుకే ఆ బండ్ల కాలం చెల్లింది. ఇది కూడా పిల్లలతో మాట్లాడాల్సిన పాఠమే. మా బండి రోజువారీ పనులకు తిరగదు. నేను స్కూలుకు వచ్చేది స్కూటీ మీదే. సైలెన్సర్ కోసి ఊరంతా వినపడేలా తిప్పడాన్ని నేను రిపేరు అనను.

కొత్తగా కొనమని కూడా నేను చెప్పను. మంచి ఆర్‌ఎక్స్ 100కు ఇప్పుడు లక్షకు పైగా అడిగేవాళ్ళున్నారు. కాగితాలు సరిలేని బండ్లు అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో తాత సీడీ 100 ఉంటే అదే చాలు. లేకపోతే పాత సైకిలుతో మొదలుపెట్టండి. సొంత బండి రోడ్డెక్కాలంటే పదిహేనేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. "వింటేజ్ బండి, ఎవరూ ఆపరు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 నిబంధనల్లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటినది. ఆర్‌ఎక్స్ 100లలో మొట్టమొదటిదానికి కూడా ఇంకా ఆ వయసు రాలేదు.

ఇంట్లో మొదలుపెట్టేవారికి నా అనుభవంతో కొన్ని జాగ్రత్తలు. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీయించండి. నట్లు, బోల్టులు విప్పిన వరుసలోనే డబ్బాల్లో వేసి పేరు రాయించండి. ఇంగ్లిష్‌లో రాస్తే ఇంకా మంచిది, స్పెల్లింగులు కూడా వస్తాయి! జెట్‌ను సూదితో పొడవనివ్వకండి, గాలి కొట్టించండి. పెట్రోలు పని ఆరుబయటే చేయాలి, పొయ్యికీ దీపానికీ దూరంగా. మూసిన గదిలో ఇంజిన్ ఆన్ చేయకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఇంజిన్ తిరుగుతుండగా చైన్ తుడవకూడదు. బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దానికి పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి, నీరు కూడా చేరుతుంది. బండి నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయండి. అన్నిటికంటే ముఖ్యం, పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి.

ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి. "నీకెందుకమ్మా గ్రీజు పని" అని మా వీధిలో నన్ను అడగనివాళ్ళు లేరు. మా నాయన మాత్రం ఏమీ అనకుండా పానా అందించారు.

ఇంతకీ మిమ్మల్ని నేను అడిగేది నెలకు ఒక్క ఆదివారం, రెండు గంటలు. స్టడీ అవర్ మానేయమని కాదు, ఫోను పక్కన పెట్టమని. ర్యాంకు వచ్చే పిల్లలకు అది ఎలాగూ వస్తుంది. రాని పిల్లవాడికి "నేను దేనికీ పనికిరాను" అనే మాట మన నోటి నుంచి వెళ్ళకూడదు. మెకానిక్ పనిని తిట్టుగా వాడిన ప్రతిసారీ మనం ఆ మాటే చెబుతున్నాం.

ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడిని మరుసటి సోమవారం పిలిచి, షెడ్డులో ఏం చూశావని అడిగాను. ముందు భయపడ్డాడు. తర్వాత క్లచ్ ప్లేట్లు ఎందుకు అరుగుతాయో పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. ఘర్షణ పాఠం నేను కూడా అంత బాగా చెప్పలేదు. వచ్చే మీటింగులో వాళ్ళ నాన్నగారితో మళ్ళీ మాట్లాడతాను. ఈసారి తల ఊపను.