ఆత్మహత్యకు పురికొల్పితే రాజీ చెల్లదు

ఇంట్లో ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటే "ఖర్మ అలా రాసిపెట్టి ఉంది" అని సరిపెట్టుకోవడం పల్లెల్లో పరిపాటి. అత్తింటివారి ఆరళ్ళు ఊరందరికీ తెలిసినా, అప్పిచ్చినవాని దౌర్జన్యం కళ్ళారా చూసినా, రచ్చబండ దగ్గర పెద్దమనుషులు ఇంత సొమ్మని తేల్చి రాజీ కుదిర్చిన సందర్భాలు లేకపోలేదు. అయితే రాజీకి వీలైన నేరాల జాబితాలో ఆత్మహత్యకు పురికొల్పడం లేదు.

ఒక దశలో ఈ నేరం చెల్లుబాటే ప్రశ్నార్థకమైంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించే భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచి తీర్పు చెప్పింది. కోడలి ఆత్మహత్యకు పురికొల్పిన నేరంపై శిక్షపడిన పంజాబ్ దంపతులు దానిని ఆసరా చేసుకున్నారు. చనిపోవడం హక్కే అయితే, అందుకు తోడ్పడినవారు నేరస్థులెలా అవుతారన్నది వారి వాదన.

1996 మార్చి 21న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ వాదనను తోసిపుచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చినది జీవించే హక్కే గాని మరణించే హక్కు కాదని చెప్పి, 1994 నాటి తీర్పును కాదన్నది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష లేని దేశాల్లో కూడా పురికొల్పడం నేరమేనని, 306వ సెక్షన్ మరో సెక్షన్‌పై ఆధారపడి లేదని స్పష్టం చేసింది.

ఆ మాట విలువ ఇప్పుడు తెలుస్తున్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. పురికొల్పడం మాత్రం 108వ సెక్షన్ కింద నేరంగానే ఉన్నది. శిక్ష 10 సంవత్సరాల వరకు జైలు, జరిమానా. ఇది న్యాయమే. బతుకు బరువైనవారికి కావలసింది ఆదరణ. ఆ బరువు మోపినవారికి తగినది శిక్ష.

అలాగని కక్షకొద్దీ గిట్టనివారి పేర్లన్నీ ఫిర్యాదులో ఎక్కించడమూ తగదు. కోపావేశంలో తొందరపడి అన్న మాట పురికొల్పడం కాదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్దేశం, చేష్ట రుజువు కావాలి.

పోయిన ప్రాణానికి ఖరీదు కట్టే అధికారం పెద్దమనుషులకు లేదు. వారు చేయగల మేలు ముందే ఉన్నది: వేధింపుల మాట చెవిన పడ్డనాడే ఆ ఇంటి గడప తొక్కి మందలించడం, వినకపోతే పోలీసులకు తెలపడం. మనసు కుంగినవారు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చునని ఊరందరికీ చెప్పడం కూడా వారి పనే.