కంకి మనది, కప్పు ఎవరిది?

రైతు సోదరులారా, ఈసారి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్ వైపు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి ఒకసారి బయటికి చూడండి. వానాకాలంలో రోడ్డు పక్కన నిప్పుల మీద మక్క కంకులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాసి ఇచ్చేవాళ్ళు మనకు కొత్త కాదు. ఇప్పుడు వాళ్ళ పక్కనే ఇంకో బండి కనిపిస్తుంది. పొగలు కక్కే గిన్నె, పక్కన వెన్న డబ్బా, రెండు మూడు మసాలా సీసాలు. కాగితపు కప్పులో పచ్చని గింజలు పోసి, వెన్న కలిపి, కారం చల్లి ఇస్తారు. పట్నం పిల్లలు ఎగబడి తింటారు. దాని పేరు మసాలా స్వీట్ కార్న్.

ఆ గింజ పండించింది మీలాంటి రైతు. మరి ఆ కప్పు రైతు చేతిలో ఎందుకు లేదు? నేను అడిగేది ఇదొక్కటే.

ముందు ఇంట్లో చేసి చూడండి

ఇది పెద్ద వంట కాదు. లేత స్వీట్ కార్న్ కంకులు రెండు తీసుకోండి. పొట్టు, పీచు తీసి గింజలు ఒలవండి. మరిగే నీళ్ళలో వేసి అయిదారు నిమిషాలు ఉడికిస్తే చాలు. ఎక్కువసేపు ఉడికితే గింజ చప్పబడుతుంది. నీళ్ళు పూర్తిగా వంపేయాలి. తడి ఉంటే మసాలా గింజకు పట్టదు, అడుగున నీరవుతుంది.

వేడి మీదనే ఒక చెంచా వెన్న గానీ నెయ్యి గానీ వేసి కలపండి. తర్వాత తగినంత ఉప్పు, అర చెంచా కారం, వేయించి దంచిన జీలకర్ర పొడి పావు చెంచా, చిటికెడు మిరియాల పొడి వేయండి. చాట్ మసాలా లేదని ఆగకండి. జీలకర్ర పొడిలో కొంచెం నల్లుప్పు కలిపితే ఇంచుమించు ఆ రుచే వస్తుంది. పొయ్యి మీంచి దించినాక అరచెక్క నిమ్మరసం పిండండి. ఇష్టమైతే సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర చల్లుకోండి.

బడి నుంచి వచ్చిన పిల్లలకు ఇది పెట్టి చూడండి. రంగు ప్యాకెట్ల కోసం కిరాణా కొట్టుకు పోయే పైసలు మిగులుతాయి. మన చేనులో పండింది మన పిల్లలే తినకపోతే, పట్నం వాళ్ళకు రుచి ఎలా చెప్తాం?

లెక్క మీరే వేయండి

నడితరం కంకి ఒకటి ఒలిస్తే ఇంచుమించు ఒక కప్పు గింజలు వస్తాయి. మాటవరసకు చేను దగ్గర కంకి 8 రూపాయలకు అమ్మారనుకుందాం. బండి మీద కప్పు 30 రూపాయలు అనుకుందాం. వెన్న, మసాలా, గ్యాస్, కప్పు, చెంచా అన్నీ కలిపి ఇంకో 8 రూపాయలు తీసేయండి. కప్పుకు 14 రూపాయలు మిగిలాయి. సాయంత్రం పూట 40 కప్పులు పోతే 560 రూపాయలు. కంకి ధర వేరుగా చేతికొచ్చినట్టే.

ఇందులో మీరూ ఇంటావిడా నిలబడిన కూలి కూడా ఉంది, మరిచిపోవద్దు. వాన పడిన రోజు, జనం రాని రోజు కూడా ఉంటుంది. మీ ఊరి ధరలు వేరేగా ఉంటాయి. ఆ ధరలతోనే కాగితం మీద రాసుకోండి. లెక్క కుదిరితేనే దిగండి.

"పట్టేదారు అయి ఉండి బండి పెడితే ఊళ్ళో ఏమనుకుంటరు సార్?" అని ఒక తమ్ముడు నన్ను అడిగిండు. అప్పుకోసం షావుకారి గడపలో నిలబడినప్పుడు రాని నామోషీ, సొంత పంట అమ్ముకుంటే ఎందుకు రావాలె? మీకు వీలు కాకపోతే మహిళా సంఘంలో నలుగురు అక్కాచెల్లెళ్ళు కలిసి పెట్టుకోవచ్చు. సంత రోజు, జాతర రోజు, బడి వదిలే వేళ చూసుకుంటే సరిపోతుంది. తినే వస్తువు అమ్మేవాళ్ళు చిన్నవాళ్ళయినా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి. మంచి నీళ్ళు వాడండి. నిన్న మిగిలిన గింజ ఇవాళ అమ్మకండి. ఒక్క పిల్లవాడికి కడుపునొప్పి వస్తే మళ్ళీ ఎవరూ మీ బండి దగ్గరికి రారు.

అందరూ ఎగబడొద్దు

ఇది చదివి ఉన్న రెండెకరాలూ స్వీట్ కార్న్ వేయకండి. మా దిక్కు ఒక రైతు అట్లే చేసిండు. ఒక వ్యాపారి మాట నమ్మి రెండెకరాలు ఒకే రోజు విత్తిండు. కోతకు వచ్చిన రోజు బండి రాలేదు. రేపన్నడు, ఎల్లుండన్నడు. నాలుగు రోజులకు వచ్చి గింజ ముదిరిందని సగం ధరకు అడిగిండు. "ఏం జేయాలె సారూ, బర్లకు ఏసిన" అని ఆయన చెప్తుంటే నాకు మాట రాలేదు.

మామూలు మక్కకు ఒక ధైర్యం ఉంది. ఎండబెట్టి ఆగవచ్చు. 2025-26కు కేంద్రం క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. స్వీట్ కార్న్ పచ్చి కంకికి ఆ రక్షణ లేదు. ఎండబెడితే గింజ ముడతలు పడి తూకం రాదు. కోసిన గంట నుంచే అందులోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. ఎండలో పెడితే ఇంకా తొందరగా మారుతుంది. అందుకే ముందు కొనేవాణ్ణి చూసుకోవాలి, తర్వాతే విత్తనం కొనాలి.

చిన్న రైతుకు నా సలహా ఇది. బోరు కింద అయిదు గుంటలు వేయండి. పది పన్నెండు రోజులకు ఇంకో అయిదు గుంటలు. ఇట్లా నాలుగు విడతలు వేస్తే, కంకులు ఒకేసారి మీద పడవు. బండికి రోజూ సరుకు ఉంటుంది.

మూడు జాగ్రత్తలు

మొదటిది, పక్క చేను. మన దిక్కు చుట్టూ మామూలు మక్కే ఉంటుంది. దాని పుప్పొడి వచ్చి పడితే స్వీట్ కార్న్ గింజ తీపి పోయి పిండిగా తయారవుతుంది. 250 నుంచి 300 మీటర్ల దూరం ఉండాలి. గుంటల రైతుకు అంత దూరం ఎక్కడిది? అందుకని విత్తే తేదీని రెండు మూడు వారాలు అటూ ఇటూ జరపండి. రెండూ ఒకేసారి పూతకు రాకుండా చూసుకుంటే చాలు.

రెండోది, కోత. పీచు వచ్చినాక 18 నుంచి 22 రోజుల్లో కంకి పాలు పోసుకుంటుంది. పీచు ఎండి గోధుమ రంగుకు వస్తుంది. గింజను గోటితో నొక్కితే పాలు రావాలి. నీళ్ళు వస్తే ఆగండి. ముద్దలా వస్తే ఆలస్యమైనట్టే. తెల్లవారుజామున కోసి నీడన పెట్టండి. సాయంత్రానికి అమ్మేయండి.

మూడోది, కత్తెర పురుగు. 2018లో మన దేశంలోకి వచ్చిన ఈ పురుగు మక్క సుడిలో చేరి తింటుంది. చిన్నప్పటి నుంచే సుడులు విప్పి చూడండి. కంకి మీద మాత్రం మందు కొట్టవద్దు. పచ్చిది పచ్చిగానే పిల్లల నోట్లోకి పోయే పంట ఇది. ఏ దశలో ఏం వాడాలో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

ఇంకో మేలు ఉంది. కంకి కోసినాక చొప్ప పచ్చగానే ఉంటుంది. పొట్టు, ఒలిచిన బెండు కూడా పశువులకు పనికొస్తాయి. పాడి ఉన్న ఇంటికి అది పైలాభం.

స్వీట్ కార్న్ వేస్తే కోటీశ్వరులు అవుతారని నేను చెప్పడం లేదు. ఇరవై గుంటల్లో వేసి, సగం కంకులు బండి మీద, సగం సంతలో అమ్ముకుంటే యూరియా బస్తాకో, పిల్లల పుస్తకాలకో చెయ్యి చాపకుండా గడుస్తుంది అంటున్నాను. దుక్కి మనది, నీళ్ళు మనవి, చెమట మనది. ఆఖరున చల్లే చిటికెడు ఉప్పూ కారం కూడా మన చేతిదే కానివ్వండి.