నోటుకు పరీక్ష

మొన్న సాయంత్రం కాశిబుగ్గలో కూరలమ్మే అవ్వకు 500 రూపాయల నోటిచ్చాను. దీపానికెత్తి, అటూ ఇటూ తిప్పి చూచింది. పిల్లలకు పరీక్షలు పెట్టే నాకే పరీక్షా! మనసు చివుక్కుమన్నది.

"ఏమనుకోకు సారూ! మొన్నొకటి దొంగనోటొచ్చె. రెండు దినాల కష్టం గంగల కలిసె" అన్నది. నిజమే! దొంగనోటును బ్యాంకువారు జప్తు చేస్తారే గాని పైసా ఇవ్వరు.

ఇంటికి వచ్చి నేనూ చూచాను. 2016లో వచ్చిన ఈ నోటులో గాంధీగారి నీడబొమ్మ వెలుగుకు అడ్డం పెడితేనే స్పష్టపడుతుంది. ఆకుపచ్చ దారం, నోటును ఏటవాలుగా తిప్పితే నీలమవుతుంది. జిరాక్సు యంత్రం ఒక్క కోణాన్నే పట్టుకుంటుంది గనుక ఆ రంగుల మార్పు దానికి చిక్కదు.

అవ్వ పరీక్షించింది నోటును, నన్ను కాదు. ఈసారి నేనే తిప్పి చూపించి మరీ ఇస్తాను.