రాత్రి కొలువు – పగటి నిద్ర

తెల్లవారుజామున మన వాకిట కారు వచ్చి యాగును. అందుండి దిగిన కోడలో, కూతురో కునికిపాట్లు పడుచు లోనికి వచ్చును. అప్పటికే కాఫీయు, పిల్లల బడి సన్నాహమును, మగవారి క్యారియరును ఆమెకై కాచుకొని యుండును. మధ్యాహ్నము రెండు గంటలకు ఆమె యింకను మంచముపై నున్నచో, “ఇదేమి మొద్దునిద్ర!” యని మనమందుము. మేమును ఆ మాట అనినవారమే.

హైదరాబాదు కాల్‌సెంటర్లలో అమెరికా వారి పిలుపులకు బదులు చెప్పు స్త్రీలు పలువురు గలరు. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పటికి మనకు వేసవిలో సాయంకాలము 6.30, శీతకాలమున 7.30 అగును. వారి పగలు వీరికి రాత్రి కొలువు. పిలుపు వెంట పిలుపు వచ్చుచుండును. ప్రతిదానికి నిమిషముల లెక్క యుండును. అవతలివారు దుర్భాషలాడినను స్వరము మార్చరాదు. ఇట్లు జీతమునకై కోపతాపములను అణచుకొనుటయు శ్రమయే యని ఆర్లీ హోక్‌షిల్డ్ అను అమెరికా విదుషి 1983లో, విమాన పరిచారికలను పరిశీలించి వ్రాసిన గ్రంథమున వివరించినది.

ఈ శ్రమ మితిమీరినప్పటి స్థితినే ‘బర్నౌట్’ అందురు. ప్రపంచారోగ్య సంస్థ 2019లో దీనిని తన వర్గీకరణమున చేర్చినది; అయితే రోగముగా గాక, ఉద్యోగము వలన గలుగు అవస్థగా చేర్చినది. శక్తి యుడుగుట, పనిపై విముఖత, తన పని కొరగాదను భావము – ఇవి మూడును దాని లక్షణములు. పనిచోట నెడతెగని యొత్తిడి సరిగా తొలగింపబడకుండుటయే దానికి కారణము. కావున ఇది టానిక్కులతో పోవునది కాదు. తగిన విరామమును, తిట్టువారి పిలుపును నిలిపివేయు స్వాతంత్ర్యమును యజమానులే యీయవలెను.

ఇక మన వంతు. వెలుతురు సోకిన పగటి నిద్ర సహజముగనే పలుచనిది. ఆమె గదికి దట్టమైన తెర కట్టుడు. ఆ వేళ మిక్సీని, టెలివిజనును ఆపుడు. ఉదయపు వంటను ఇంటనున్న మగవారును పంచుకొందురు గాక. మన అర్ధరాత్రి నిద్రను ఎవ్వరును చెరుపరు. ఆమె పగటి నిద్రకును అంతటి మర్యాద చెల్లవలెను.

రాత్రియంతయు పరులతో మృదువుగా మాటలాడిన గొంతు ఇంట మూగవోయినచో అది పొగరు కాదు, అలసట. అమ్మా, అత్తా! ఆమెను మాటలాడింపకుడు, తలుపు మెల్లగా దగ్గరకు వేయుడు.