ఫిర్యాదు అడ్డంకి కాదు, హక్కు

నిర్వాసితుల ఫిర్యాదులు అభివృద్ధికి అడ్డమన్న వాదన సరికాదు. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వవచ్చు. ఆయన వాటిని విని ప్రభుత్వానికి నివేదిక పంపాలి. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులైతే ఇద్దరు బాధితులు కలిసినా ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌ను ఆశ్రయించవచ్చు. కోరితే పేర్లు గోప్యంగా ఉంచుతారు. 2017లో అమరావతి రైతులు ఆ దారే పట్టారు. ప్యానెల్ సభ్యులు వచ్చి వారి గోడు విన్నారు.

2024లో సైదాబాద్‌కు దగ్గర్లోని మూసారాంబాగ్ మూసీ ఒడ్డున ఇళ్ల గోడలపై తొలగింపు కోసం ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. అలాంటి ఇంటివారికి, ఫిర్యాదు ఇచ్చినట్టు ఆఫీసు ముద్ర, తేదీ ఉన్న రసీదే తొలి ఆధారం. నోటిమాట గాలికి పోతుంది; బస్తీ అంతా కలిసి ఇచ్చిన అర్జీ ఫైల్లో నిలుస్తుంది, జవాబు అడుగుతుంది.

– ఒక పాఠకుడు, సైదాబాద్