ఎక్కడో ఒకచోట గంట కొడతారు

అలీకీ ఫ్రేజియర్‌కీ నాలుగోసారి కూడా పడి ఉంటే ఎంత బాగుండేదో అంటాడు ఒకడు. టైసన్, హోలీఫీల్డ్ ఇద్దరూ ఇంకా కండలు తిరిగే ఉన్నారుగా, మూడోసారి దించెయ్యరాదూ అంటాడు ఇంకొకడు. బాక్సింగ్ అభిమానులు నలుగురు చేరితే ఈ ముచ్చట రాక మానదు. ఎవరు ఎన్నో రౌండులో పడతారో కూడా అక్కడే తేల్చేస్తారు. ఆ పడేవాడి వయసెంత, ఆ తల అప్పటికే ఎన్ని దెబ్బలు తిని ఉంది అని మాత్రం ఒక్కడూ అడగడు.

సరే, ఊహిద్దాం. పెద్ద శ్రమ కూడా అక్కర్లేదు, చరిత్రే సగం పని చేసిపెట్టింది. 1981 డిసెంబరు 3న షికాగోలో జో ఫ్రేజియర్ ఐదేళ్ల తర్వాత మళ్లీ గ్లవుజులు తొడిగాడు. సరిగ్గా ఎనిమిది రోజులకు, డిసెంబరు 11న, బహామాస్‌లోని నసావులో మహమ్మద్ అలీ తొడిగాడు. ఫ్రేజియర్‌కి ఎదురు నిలిచినవాడు ఫ్లాయిడ్ కమింగ్స్, అలీకి ట్రెవర్ బెర్బిక్. వాళ్లిద్దరినీ పక్కకు తప్పించి వీళ్లిద్దరినీ ఒకే బరిలో నిలబెడదాం. 1971లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటిసారి తలపడినప్పుడు ఫ్రేజియర్ బరువు 205 పౌండ్లు, అలీ 215. ఇప్పుడు ఒకరు 229, ఇంకొకరు 236. ఫ్రేజియర్‌కి 37 ఏళ్లు. అలీకి నలభై నిండటానికి నెల రోజులుంది.

గంట మోగింది. వంగి, ఊగుతూ, గడ్డం ఛాతీకి ఆనించి లోపలికి చొచ్చుకొచ్చే ఫ్రేజియర్ నడక ఇప్పుడు లేదు, మోకాళ్లు వంగవు. ఆ ఎడమకన్ను మొదటినుంచీ సరిగా కనపడేది కాదు, ఆ సంగతి ఏళ్ల తరబడి దాచిపెట్టి ఆడానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1975లో మనీలాలో అలీతో చివరి పోరులో పధ్నాలుగో రౌండు ముగిసేసరికి ఉన్న చూపు కూడా వాపు కింద కప్పుకుపోతే, శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక లేవొద్దని కూర్చోబెట్టేశాడు. అదే కన్నుతో మళ్లీ వచ్చాడు. అవతల అలీకి హుక్ వస్తోందని కనపడుతుంది, తల వెనక్కి లాగాలనీ తెలుసు. తల కదిలేలోపే దెబ్బ పడిపోతుంది. నాలుగో రౌండుకి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి ఆయాసపడుతుంటారు. వెనక వరసలోంచి ఎవడో అరుస్తాడు, కౌగిలింతలు చూడ్డానికా మేమొచ్చింది అని.

ఎవరైనా ఆపుతారా? ఆపరు. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, అంతకుముందు ఆపవలసినవాళ్లు ఆపలేదు కాబట్టి. 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోరు తర్వాత అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో మూత్రపిండాల పరీక్ష ఫలితాలు అలీతో సహా చుట్టూ ఉన్నవాళ్లకు పంపాడు, ఇక చాలించమని. ఒక్కరూ జవాబివ్వలేదు. ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. 1980లో లారీ హోమ్స్‌తో పోటీకి ముందు మేయో క్లినిక్‌లో పరీక్షలు చేయించారు. ముక్కు కొస తాకడంలో తడబాటు, ఒంటికాలి మీద గెంతడంలో తడబాటు. కాగితం మీద ఉన్నదంతా ఉంది. బాక్సింగ్ పోటీలకు అనుమతిచ్చే నెవాడా కమిషన్ ఆ కాగితం పక్కన పెట్టి లైసెన్సు చేతిలో పెట్టింది. లాస్ వేగాస్‌లో పది రౌండ్లు. ఒక్కటి కూడా అలీది కాదు. కొట్టిన హోమ్స్ ఒకప్పుడు అలీకి సాధనలో తోడు ఆడిన కుర్రవాడు, కొట్టీ కొట్టీ చివరికి తనే ఏడ్చాడు. డబ్బు కట్టి చూసినవాళ్లలో ఎంతమంది ఏడ్చారో లెక్కలేదు.

అయినా ఆగలేదు. అమెరికాలో పెద్ద కమిషన్లు ముఖం చాటేస్తే బహామాస్ పిలిచింది. అక్కడ సమయానికి సరైన గంట కూడా లేదు, ఆవు మెడలో కట్టే గంట తెచ్చి రౌండ్లు నడిపించారు. ప్రపంచంలో ఎక్కువమంది గుర్తుపట్టే మనిషి చివరి పోటీ అది. 1984లో పార్కిన్సన్స్ అని వైద్యులు తేల్చారు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఒకచోట తలుపు వేస్తే ఇంకోచోట తెరుస్తారు, ఎప్పుడూ తెరుస్తారు. జెర్రీ క్వారీ సంగతి చూడండి. అలీతో రెండుసార్లు, ఫ్రేజియర్‌తో రెండుసార్లు ఆడినవాడు. 1992లో, 47 ఏళ్ల వయసులో, అప్పటికే మతి తప్పుతున్న స్థితిలో మళ్లీ ఆడతానన్నాడు. కొలరాడోలో ఆడనిచ్చారు, ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో బాక్సింగ్ కమిషనే లేదు మరి. అడిగేవాడు లేడు. ఆరు రౌండ్లు తన్నులు తిన్నాడు. చేతికొచ్చింది వెయ్యి డాలర్ల పైచిలుకు. కొన్నేళ్లకే బట్టలు వేసుకోవడానికి, అన్నం తినడానికి ఇంకొకరి చేయి కావలసి వచ్చింది. 1999 జనవరిలో, 53 ఏళ్లకు పోయాడు.

హోలీఫీల్డ్‌కి 2005లోనే న్యూయార్క్ కమిషన్ నీ సత్తా తగ్గింది, ఇక వద్దు అని చెప్పింది. మరుసటి ఏడాది టెక్సస్‌లో ఆడాడు. 2021లో టైసన్‌తో మూడో పోరుకి మాటలు నడిచి, సొమ్ము దగ్గర తెగిపోయాయి. అప్పుడు 58 ఏళ్ల ఆ మనిషిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు విటోర్ బెల్ఫోర్ట్ ముందు నిలబెట్టారు. కాలిఫోర్నియా కాదంది. ఫ్లోరిడా సరేనంది. రెండు నిమిషాలు కూడా నిలవలేదు, మొదటి రౌండులోనే రెఫరీ ఆపేశాడు. అప్పటికి అమెరికా మాజీ అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పాడు. ఒక దేశాన్ని ఏలిన మనిషికి కూడా ఇది తగునా అని తోచలేదు.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి కత్తులు కట్టి పందేలు వేసేవాళ్లు కూడా ముసలి పుంజును బరిలో వదలరు.

టైసన్ సంగతి మరీ దారుణం. 2024 నవంబరు 15, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్. టైసన్‌కి 58, ఎదురుగా ఉన్న జేక్ పాల్‌కి 27. ఆ పోటీ మొదట జులైలో జరగాల్సింది. మేలో విమానంలో కడుపులో పుండు తిరగబెట్టడంతో వాయిదా వేశారు. ఒంట్లో సగం రక్తం పోయిందని, ఎనిమిదిసార్లు రక్తం ఎక్కించారని, చచ్చి బతికానని తర్వాత టైసనే చెప్పాడు. అంత జరిగాక, పోటీ రద్దు చేశారా? తేదీ మార్చారు, అంతే. ఎనిమిది రౌండ్లలో టైసన్ విసిరినవి 97 గుద్దులు, తగిలినవి 18. మోకాలికి కట్టు. మాటిమాటికీ గ్లవుజు కొరుక్కోవడం. స్టేడియంలో డెబ్బై వేల పైచిలుకు జనం, కోట్ల ఇళ్లలో నెట్‌ఫ్లిక్స్ తెర ముందు ఇంకెందరో.

ఆ జనం ఈలలు వేసి గేలి చేశారు. దేనికి? తాత వయసువాణ్ని కొడుతున్నందుకు కాదు, సరిగా కొట్టనందుకు. మధ్య రౌండ్లలో పాల్ జోరు తగ్గించడం వాళ్లకు నచ్చలేదు. ఇచ్చిన టికెట్టు డబ్బుకి ఆ ముసలాయన నేలకూలాలి, లేదా కుర్రాణ్ని కూల్చాలి. రెండూ జరగలేదని కోపం. ఆ సాయంత్రం మొత్తంలో జరిగిన ఒకే ఒక్క మంచిపనికి పడ్డ శిక్ష అది.

ఇవన్నీ తెలియక చేస్తున్నారని ఎవరూ నన్ను నమ్మించలేరు. దెబ్బలకు మతి తప్పిన బాక్సర్ల గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే అమెరికా వైద్య పత్రికలో రాశాడు. వయసు పెరిగేకొద్దీ మెదడు కుంచించుకుపోతుంది, దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీని దాటే సన్నటి సిరలు బిగుసుకుని ఉంటాయి. పాతికేళ్లవాడికి తల తిరిగే దెబ్బకి అరవై దగ్గరపడినవాడికి ఆ సిర తెగొచ్చు. పెద్ద గ్లవుజులు వేయించాం, రౌండు రెండు నిమిషాలకి తగ్గించాం అంటారు నిర్వాహకులు. గ్లవుజు ప్రధానంగా కొట్టేవాడి చేతి ఎముకల్ని కాపాడుతుంది. దెబ్బకి లోపల మెదడు ఊగిపోవడాన్ని అది ఆపలేదు. వైద్య కారణంతో ఒక రాష్ట్రం పక్కనపెట్టిన బాక్సర్ని ఇంకో రాష్ట్రం ఆడించకూడదని 1996లో అమెరికా చట్టం కూడా చేసుకుంది. అందులో సందులు వెతకడం ప్రమోటర్లకు పెద్ద పనా?

మనకెందుకు ఈ అమెరికా గోల అనకండి. 2022లో వచ్చిన పూరి జగన్నాథ్ సినిమా లైగర్‌లో టైసన్‌ని తెచ్చి మన హీరో చేత తన్నించాం, నవ్వుకున్నాం. సినిమా దెబ్బలు ఉత్తుత్తివే, ఒప్పుకుంటాను. చూసే కన్ను మాత్రం అదే కన్ను.

ఇంత ఆడినవాళ్లకు మిగిలిందేమిటి? ఫ్రేజియర్ చాలాకాలం ఫిలడెల్ఫియాలో నార్త్ బ్రాడ్ వీధిలోని తన జిమ్ పైనే ఉండేవాడు. 2008లో ఆ జిమ్ మూతపడింది, తర్వాత అక్కడ ఫర్నిచర్ దుకాణం వెలిసింది. 2011 నవంబరులో కాలేయ క్యాన్సర్‌తో ఆయన పోయాడు. అదే ఊళ్లో రాకీ అనే సినిమా పాత్రకు, ఎన్నడూ ఎవరి దెబ్బా తినని పాత్రకు, 1980ల నుంచి కంచు విగ్రహం ఉంది. కబేళాలో వేలాడే మాంసాన్ని గుద్దే ఆ ప్రసిద్ధ దృశ్యం ఫ్రేజియర్ జీవితంలోంచి తీసుకున్నదే. ఫ్రేజియర్ విగ్రహం లేచింది 2015లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. బాక్సర్లకు పింఛను నిధి నడిపే రాష్ట్రం కాలిఫోర్నియా ఒక్కటే. ఆర్లింగ్టన్‌లో ఆ ఒక్క రాత్రి టికెట్ల మీద వచ్చింది కోటీ డెబ్బై లక్షల డాలర్లకు పైనే. అందులోంచి పాత బాక్సర్ల మందులకు ఎంత తీశారని అడిగిన గొంతు నాకు వినపడలేదు.

నాలుగో పోరు కోసం ఇంకా ఆశపడేవాళ్లకు ఒక్కమాట. మీ ముచ్చట ఒకరకంగా తీర్చారు లెండి. తండ్రులు ఇక నిలబడలేరని 2001 జూన్ 8న న్యూయార్క్ రాష్ట్రంలో వెరోనా ఊరి క్యాసినోలో కూతుళ్లను దించారు. లైలా అలీ, జాకీ ఫ్రేజియర్ లైడ్. అలీ–ఫ్రేజియర్ నాలుగు అని పేరు పెట్టి మరీ అమ్మారు. లైలాకి 23 ఏళ్లు. జాకీ లాయరు, పిల్లల తల్లి, ఆమెకి 39, నసావు నాడు అలీకున్న వయసే. ఎనిమిది రౌండ్లూ ఆడించారు.