నాన్నకి పైత్యం చేసింది

ఆదివారం పొద్దున్నే ఫోను. మా తమ్ముడి భార్య.

"వదినా, నిమ్మకాయ మజ్జిగ మంచిదా, మిరియాల చారు మంచిదా?" అంది గొంతు తగ్గించి.

"ఎవరికేం?"

"మీ తమ్ముడికి కాస్త పైత్యం చేసింది."

చెప్పొద్దూ, నాకు వెంటనే అర్థమైంది. అయినా కానట్టే వైద్యం చెప్పుకుపోయాను. పల్చటి మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం, దంచిన అల్లం వేసి గంటకో గ్లాసు ఇవ్వు, మధ్యాహ్నం మెత్తగా అన్నం, చారు... రాసుకుంటోంది కాబోలు, "ఊఁ, ఊఁ" అంటోంది. వెనకనుంచి ఏడేళ్ళ మా మేనకోడలి గొంతు: "అమ్మా, నాన్నకి ప్రతి ఆదివారం పైత్యమేనా?"

ఫోను పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మన వంటింటి వైద్యంలో పస లేకపోలేదు. ఒంట్లో నీటిని నిలిపే హార్మోనుని మద్యం అణిచేస్తుంది. అందుకే తాగినవాడు రాత్రల్లా మూత్రానికి లేస్తాడు, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ఉప్పు మజ్జిగ పోయిన నీటిని కొంత తిరిగిస్తుంది. అల్లం వికారాన్ని తగ్గిస్తుంది. అంతవరకే. చిక్కటి కాఫీ కళ్ళు తెరిపిస్తుందే గాని రక్తంలోని మద్యాన్ని కరిగించదు. ఆ పని కాలేయం తన తీరికలో తను చేసుకోవాల్సిందే. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, ఈ తలనొప్పిని ఆపడానికి గాని తగ్గించడానికి గాని ఏ మందైనా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. మాత్రల డబ్బా తీసే ఇల్లాళ్ళకి ఒక్క మాట: తాగుడు అలవాటైన ఒంటికి పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికే ముప్పు.

మరి మనం కవ్వం పట్టుకుని నయం చేస్తున్నదేమిటి? అతగాడి పరువు! పన్నెండింటికల్లా స్నానం చేసి, తెల్లటి లాల్చీ తొడుక్కుని, హాల్లో పేపరు పట్టుకు కూర్చున్నాడంటే రాత్రి ఏమీ జరగలేదన్నమాట. పరదాలు మూసేది మనం, పిల్లల్ని గోల చెయ్యొద్దనేది మనం, బాత్రూం కడిగేది మనం, అత్తగారితో "బయటి తిండి పడలేదండీ" అనేది మనం, సోమవారం ఆఫీసునుంచి ఫోనొస్తే జ్వరమనేదీ మనమే. అతని తలనొప్పి సాయంత్రానికి దిగిపోతుంది. మన అబద్ధం దిగదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధమైంది. (1995లో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో సడలిపోయిందనుకోండి, అది వేరే కథ.) వాళ్ళ గురించి సభల్లో నేనూ మాట్లాడాను, చప్పట్లూ కొట్టించుకున్నాను. వాళ్ళు మొగుడు తాగాడని వీధిలో నిలబడి చెప్పారు. మనం ఆడపడుచుకి ఫోనులో కూడా చెప్పలేం! మన ఇళ్ళల్లో ఎవరూ 'తాగరు' కదా. 'పార్టీకెళ్తారు', 'కంపెనీ ఇస్తారు', 'ఏదో కొద్దిగా పుచ్చుకుంటారు'. సారా అయితే వ్యసనం, ఖరీదైన సీసా అయితే పైత్యం!

"ఒంట్లో బాగాలేని మనిషికి ఆపాటి మజ్జిగైనా ఇవ్వొద్దా తల్లీ?" అంటారు. మనిషి ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి ఆగాగి వస్తుంటే మజ్జిగ కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉత్త తలనొప్పే అయితే అతనికి రెండు చేతులున్నాయి, ఫ్రిజ్‌లో పెరుగుంది.

సాయంత్రం ఇదంతా మరదలితో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆ నిమ్మకాయ మజ్జిగ నాకు నేర్పింది అత్తయ్యగారే వదినా. పెళ్ళైన కొత్తలో" అంది.

మా అమ్మ! చిన్నప్పుడు మా నాన్నగారికి ఎన్ని ఆదివారాలు పైత్యం చేసేదో ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టుకున్నాను.

మొన్న ఆదివారం తనే ఫోను చేసింది.

"మీ తమ్ముడు వంటింట్లో కవ్వం వెతుక్కుంటున్నారు వదినా."

"ఎక్కడుందో చెప్పావా?"

"లేదు. పాప తీసిచ్చింది. ఎందుకు నాన్నా అని అడుగుతోంది. ఆయనింకా జవాబు చెప్పలేదు."